సంతకం కింద చూడనివి

జూన్ 3

బాబాయ్,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ముప్ఫై ఏళ్ళ లిఫ్టు మోటారు గదులు నీ చెవుల్ని తినేశాయి కదా, నేను అరిచి చెబితే ఇక్కడ స్టాఫ్‌రూమంతా వింటుంది. పైగా ఇది పైకి అనడానికి నాకు నోరు రావడం లేదు. అందుకే ఉత్తరం.

నాకొక ఆలోచన వచ్చింది. నవ్వకు. ఇరవై ఏళ్ళుగా తత్వశాస్త్రం పాఠాలు చెప్పేదానికి ఆలోచన రావడం వింతా అంటావు. వింతే. ఇన్నాళ్ళూ నేను చెప్పినవన్నీ ఎవరెవరి ఆలోచనలో. అరలోంచి తీసి, దుమ్ము దులిపి, పిల్లలకి చూపించి, మళ్ళీ అరలో పెట్టేశాను. మా శాఖాధిపతి అయితే ఆ మాట బాహాటంగానే అంటారు: "ఈ శాస్త్రంలో కుర్చీలన్నీ ఎప్పుడో నిండిపోయాయమ్మా. మనం గోడ వారన నిలబడి వినాల్సినవాళ్ళం." నేనూ నిలబడి విన్నాను. కాళ్ళు నొప్పి పుట్టేదాకా.

పోయిన నెల జవాబు పత్రాలు దిద్దుతున్నాను, మొత్తం నలభై మూడు. ఐదో ప్రశ్నకి అందరూ రెండేసి పేజీలు నింపారు. చదవనివాళ్ళు ఇంకాస్త ధీమాగా నింపారు. ఒకమ్మాయి మాత్రం సగం పేజీ రాసి, గీత గీసి, దాని కింద ఇలా రాసింది: "దీనికి కావలసిన మూడో అధ్యాయం నేను చదవలేదు. పై జవాబులో ఆ లోటు ఉంటుంది." ఎన్ని మార్కులు వెయ్యాలి బాబాయ్? ఎర్ర పెన్ను పట్టుకుని గంట కూర్చున్నాను. మొత్తం కట్టలో నేను పూర్తిగా నమ్మగలిగిన జవాబు అదొక్కటే.

అప్పుడు తోచింది. "నాకు తెలుసు" అన్న ప్రతి మాట కిందా "నేను చూడనివి ఇవి" అని ఒక జాబితా ఉండాలి. అది లేకపోతే ఆ తెలివి ఉత్త ధీమా. మనకి తెలిసినదాని అంచు ఎక్కడుందో గీత గీసి చూపించగలిగితేనే మనకి ఏమైనా తెలిసినట్టు.

ఆగస్టు 22న మా దగ్గర సదస్సు. దీన్ని చదువుతానని పేరిచ్చేశాను. ఇచ్చినప్పటినుంచీ ఒకటే భయం. ఇది ఎవరో ఎప్పుడో అనేసి ఉంటారు, లేదా అసలు అర్థంలేనిదై ఉంటుంది. ఎవరికీ చెప్పకు. నీకెందుకు చెబుతున్నానంటే, నా ఆరో ఏట "లిఫ్టు తాడు తెగితే?" అని అడిగినప్పుడు నవ్వకుండా జవాబు చెప్పినవాడివి నువ్వొక్కడివే.

నువ్వు పెట్టిన పేరుతోనే,
అనుమానం

*

జూన్ 14

ఏమే అనుమానం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నాకేం అర్థం కాలేదు. రెండోసారి పక్కనుంచి చదివిన మీ పిన్నికి అర్థమైంది. మూడోసారి నాకు భయమేసింది.

నా పని నీకు తెలుసుగా. ఏడాదికోసారి ప్రతి లిఫ్టునీ చూడాలి. ఫారంలో నలభై ఒక్క గడులు. తాళ్ళు, బ్రేకు, తలుపులు, కింద గుంత, పైన మోటారు. ఒక్కోటీ చూసి టిక్కు పెట్టి, చివర "క్షేమం" అని ముద్ర కొట్టి సంతకం చెయ్యాలి. ఆ కాగితాన్ని లిఫ్టు లోపల అద్దం బిగించి పెడతారు. దాన్ని ఎవరూ చదవరు, దాంట్లో మొహం చూసుకుని జుట్టు సర్దుకుంటారు.

మొన్న ఎనిమిది అంతస్తుల బిల్డింగుకి వెళ్ళాను. పదకొండేళ్ళుగా నేనే చూస్తున్నాను దాన్ని. లిఫ్టు పెట్టె మీద కూర్చుని మెల్లగా పైకి వెళుతూ పట్టాలు చూస్తున్నాను. పెట్టె ఆ పట్టాలు పట్టుకునే కదా పైకీ కిందకీ జారేది, వాటిని గోడకి బిగించేవి బ్రాకెట్లు. మూడో అంతస్తు నుంచి ఐదు దాకా ఎప్పుడో నీళ్ళు కారుతున్నాయని మేస్త్రీ చేత దళసరిగా సిమెంటు పూయించారు. బ్రాకెట్ల బోల్టులు ఆ సిమెంటు కింద ఉండిపోయాయి. ఇరవై ఆరో గడి: "బ్రాకెట్ల బోల్టులు సరిగా ఉన్నాయి." టిక్కు పెట్టబోతుంటే నీ మాట వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పదకొండేళ్ళు నేను టిక్కు పెట్టింది సిమెంటుకే తల్లీ.

సంతకం కింద రాశాను: "నేను చూడనివి: మూడు, ఐదు అంతస్తుల మధ్య గోడలో ఉన్న బోల్టులు." ఇంకో నాలుగు చిన్నా చితకా కూడా రాశాను.

నీ ఆలోచనని పని మీద పెట్టి చూడమనే కదా నువ్వు రాసింది? చూశాను. బండి కదిలింది. మీ తత్వశాస్త్రం అద్దాల బీరువాలో వస్తువనుకునేవాడిని ఇన్నాళ్ళూ.

బాబాయ్

*

జూన్ 21

బాబాయ్,

నీ ఉత్తరం చదివి ముందు ఎగిరి గంతేశాను, తర్వాత చెమటలు పట్టాయి. నేను పని మీద పెట్టి చూడమనలేదు మహానుభావా! నేను మాట్లాడింది జ్ఞానం గురించి, స్థూలంగా. లిఫ్టుల గురించి కాదు. సదస్సులో చెబితే నలుగురు తలాడిస్తారు, ఒకాయన నిద్రపోతాడు, ఒకావిడ "మూడో పేరాలో అంటే..." అని మొదలుపెట్టి తన పరిశోధన గురించి చెబుతుంది. అంతవరకే నా ఊహ. నీకున్న తెగువలో పిసరంతైనా నాకుంటే ఈపాటికి నేనెక్కడో ఉండేదాన్ని.

లైబ్రరీలో కూర్చుని వెతుకుతున్నాను, దీన్ని ఇంతకుముందు ఎవరైనా అన్నారేమోనని. దగ్గరగా వచ్చినవాళ్ళు ఉన్నారు. తలుపు దాకా వచ్చి, చెప్పులు విప్పి, లోపలికి రాకుండా వెళ్ళిపోయారు. అది చూసి సంతోషించాలి కదా? నాకు వణుకొచ్చింది. అంతమంది వెనక్కి తిరిగారంటే లోపల ఏదో ఉందేమో.

శాఖాధిపతికి చూచాయగా చెప్పాను. "మీకు ఈ మధ్య ఒంట్లో బాగానే ఉంటోందా?" అన్నారు.

ఆ బిల్డింగుతో ఆపు. సరేనా? పిన్నిని అడిగానని చెప్పు. తన మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను కొన్న కుర్చీ వాడుతోందా, లేక దాని మీద కూడా బట్టలు ఆరేస్తున్నారా?

అనుమానం

*

జూలై 5

అనుమానం తల్లీ,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. నా తెగువ గురించి నువ్వు రాసిన ముక్క మీ పిన్ని పైకి చదివింది. ఆ ఊపులో ఇంకో పదమూడు చోట్ల రాసేశాను. తర్వాత తీరిగ్గా చదువుకుంటే అడుగున "ఆపు" అని ఉంది. ఆ మాట మొదట్లో రాయాలే, కుర్చీ మీద బట్టల పక్కన కాదు. (ఆరేస్తున్నాం.)

ఇప్పుడు అసలు సంగతి. ఎనిమిది అంతస్తుల బిల్డింగులో కాగితం అద్దంలో పెట్టారు. ముందు ఎవరూ చదవలేదు. ఓ రోజు కరెంటు పోయి ఎవరో ఇరుక్కుని, తోచక, ఫోన్ వెలుతురులో చదివారు. సాయంత్రానికి బిల్డింగంతా తెలిసిపోయింది. ఇప్పుడు జనం ఏం చేస్తున్నారో తెలుసా? మూడో అంతస్తులో దిగిపోతున్నారు, ఐదు దాకా మెట్లెక్కి, అక్కడ మళ్ళీ లిఫ్టు కోసం బటన్ నొక్కి నిలబడుతున్నారు! ఖాళీ పెట్టె మాత్రం దర్జాగా ఆ రెండు అంతస్తులూ దాటొచ్చి వాళ్ళని ఎక్కించుకుంటుంది. ఆ సంగతి చూసి నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఏడో అంతస్తులో ఒక టైలరమ్మ ఉంది. మోకాళ్ళు పని చెయ్యవు. లిఫ్టెక్కదు, మెట్లు దిగలేదు. తొమ్మిది రోజులుగా కిందకి రాలేదు. కుట్టిన బట్టలు సంచీలో పెట్టి బాల్కనీలోంచి తాడు కట్టి దించుతోంది. నేను కింద నిలబడి చూశాను ఆ తాడుని. నేను పరీక్షించే తాళ్ళ కన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మా పై ఇంజినీరు పిలిచాడు. నా పధ్నాలుగు కాగితాలూ బల్ల మీద పేకముక్కల్లా పరిచి, "ఏమిటయ్యా ఇది, సర్టిఫికెట్టా, పాపాల చిట్టా?" అన్నాడు. "క్షేమం అని పైన రాసి, కింద అనుమానాలా? ఊరంతా మెట్లెక్కుతోంది." ఈ నెల పదిహేను లోపల కింది లైన్లు కొట్టేసి శుభ్రమైన కాగితాలివ్వాలి, లేదా సస్పెన్షన్. రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది నాకు.

నేను చదువుకున్నది ఐ.టి.ఐ. నువ్వు పెద్ద చదువు చదివినదానివి. ఒక్క మాట చెప్పు. నీ ఆలోచన నిజమా, కాదా? నిజమైతే ఉంచుతాను. కాకపోతే కొట్టేస్తాను. తొందరగా రాయి.

బాబాయ్

*

జూలై 10

బాబాయ్,

కొట్టేసెయ్.

నా ఆలోచన తప్పు. ఎందుకో చెబుతాను. చూడనివాటికి అంతు లేదు. నువ్వు ఐదు రాశావు. ఆరోదాని సంగతేమిటి? అరవయ్యోదాని సంగతేమిటి? ఇనుములో కంటికి కనబడని బీట మాటేమిటి? ఐదు రాసి ఆపావంటే మిగతావన్నీ చూశానని చెప్పినట్టే కదా. అంటే ఆ జాబితా కూడా ఇంకో ధీమాయే, వినయం వేషం వేసుకున్న ధీమా. ఈ ఆక్షేపణకి నా దగ్గర జవాబు లేదు.

సదస్సు నుంచి పేరు వెనక్కి తీసుకుంటున్నాను. శాఖాధిపతికి చెబితే "మంచి నిర్ణయం" అన్నారు, అంత ఆప్యాయంగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

పదిహేను లోపల శుభ్రమైన కాగితాలిచ్చెయ్. ఈ వయసులో నీకు నా వల్ల మాట రాకూడదు. పిన్ని మొహం నేనెలా చూడను? స్పీడు పోస్టులో పంపిస్తున్నాను. అందగానే ఒక్క ముక్క రాయి.

అనుమానం

*

జూలై 19

తల్లీ,

నీ మాట పధ్నాలుగున అందింది. పదిహేను పొద్దున్నే పధ్నాలుగు చోట్లా కొట్టేశాను. పై ఇంజినీరు టీ ఇప్పించాడు, తన చేత్తో అందించాడు కూడా.

టైలరమ్మకి నేనే వెళ్ళి చెప్పాను. "అంతా బాగుందమ్మా, నిక్షేపంగా దిగండి" అన్నాను. ఆవిడ నమ్మింది. ఎందుకు నమ్మదు? పదకొండేళ్ళుగా నా సంతకంలో మొహం చూసుకుంటోంది. చెప్పులేసుకుని, సంచీ తీసుకుని లిఫ్టెక్కింది. "రండి సార్, కలిసి వెళ్దాం" అని తలుపు పట్టుకుని నిలబడింది.

పైన కొంచెం పనుందన్నాను.

తలుపు మూసుకుంది. నేను మెట్ల మీదుగా దిగాను. ఐదో అంతస్తు దగ్గర గోడకి చెవి ఆనించాను. ఈ చెవులకి ఏం వినబడుతుంది! అయినా పెట్టె దాటేదాకా అలాగే నిలబడ్డాను. కిందకి వచ్చేసరికి ఆవిడ గేటు దాటి ఎండలోకి నడుస్తోంది.

నీ మాట సరైనదే అయ్యుంటుంది. మరి నా కాళ్ళు మెట్ల వైపు ఎందుకెళ్ళాయి? తీరిక దొరికినప్పుడు రాయి.

బాబాయ్

*

జూలై 25

బాబాయ్,

నేను అబద్ధం చెప్పాను.

ఆ ఆక్షేపణ అబద్ధం కాదు. అది మంచి ఆక్షేపణే, ఇప్పటికీ దానికి జవాబు తెలియదు. కానీ "నా ఆలోచన తప్పు" అని నీకు రాసినప్పుడు అది తప్పని నేను నమ్మలేదు. నువ్వు నన్ను నిజమా కాదా అని అడిగావు. నీకేమవుతుందోనన్న భయానికి నేను జవాబు చెప్పాను, ఆ భయానికి తర్కం తొడిగి పంపాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఈ తప్పే చెయ్యొద్దని చెబుతున్నాను.

నీకింకోటి చెప్పలేదు. జూలై మొదటినుంచీ కాలేజీలో నేనే లిఫ్టెక్కడం లేదు. మా గది ఆరో అంతస్తు. "వ్యాయామం" అని చెబుతున్నాను అందరికీ. నీ కాళ్ళు ఎందుకు మెట్ల వైపు వెళ్ళాయో నా కాళ్ళకి తెలుసు.

నిజమా కాదా అంటే, నాకు తెలియదు. ఈ మాట అప్పుడే రాయాల్సింది. నీ బోల్టులు సిమెంటు కింద ఉన్నాయన్నది మాత్రం నిజం. దాన్ని కొట్టెయ్యమనే హక్కు నాకు లేదు. మళ్ళీ రాయి బాబాయ్. లిఫ్టు ఆపించు. మీ పై ఇంజినీరుకి నేను ఉత్తరం రాస్తాను, ఆ ఆలోచన నాదని, తిట్టాలంటే నన్ను తిట్టమని. ఆ టైలరమ్మ రోజూ దిగుతోందా? నిద్ర పట్టడం లేదు. క్లాసులో ఎక్కడ బరువైనది పడ్డ చప్పుడైనా పాఠం ఆపి తలుపు వైపు చూస్తున్నాను.

సదస్సులో పేరు మళ్ళీ ఇచ్చాను. శాఖాధిపతి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నన్ను క్షమించు.

అనుమానం

*

ఆగస్టు 8

ఒసేయ్ పిచ్చిదానా,

క్షమించడానికేముంది, నీ ఉత్తరం వచ్చేసరికే చెయ్యాల్సింది చేసేశాను. నీకు ఉత్తరం డబ్బాలో వేసి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాను. మీ పిన్ని అంది: "నువ్వెక్కని లిఫ్టుకి నువ్వు సంతకం పెట్టావు. ఇంక ఆ పిల్ల నీకు ఏం రాయాలి?" అంతే. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, లిఫ్టు ఆపేసి, మోటారు గదికి తాళం వేసి, అద్దంలో కాగితం తీసి, కొట్టేసిన లైను మీద మళ్ళీ రాశాను. మిగతా పదమూడు చోట్లకీ వెళ్ళేలోపే, సాయంత్రానికి సస్పెండు చేశారు. మీ పిన్ని ఏడుస్తుందనుకున్నాను. "ఇక ఆ బట్టలు నువ్వు ఆరెయ్యి" అంది.

నా చోట ఇంకో ఇన్‌స్పెక్టరుని పంపారు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది, గట్టి మనిషి, ఎవర్నీ నమ్మదు. నన్ను అసలే నమ్మదు. నా పిచ్చి రాతలు చెరిపి శుభ్రంగా రాసి రమ్మని పంపారట. ఆవిడ నా లైను చదివి, మేస్త్రీని పిలిపించి, ఒకటో తారీఖున సిమెంటు కొట్టించింది.

లోపల ఏమీ లేదే. బోల్టులన్నీ నిక్షేపంలా ఉన్నాయి. తుప్పు కూడా లేదు.

నవ్వు, నేనూ నవ్వాను. సంతోషమో, సిగ్గో తెలియలేదు. గేటు దగ్గర టైలరమ్మ కనబడితే వెళ్ళి చెప్పాను. "ఏమీ లేదని తేలిందమ్మా" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏమీ లేనిదానికి ముందు పంతొమ్మిది రోజులు, నువ్వు ఆపేశాక ఇంకో పదమూడు రోజులు నన్ను పైన కూర్చోబెట్టావా?" అంది. ఏమీ లేదని ఇప్పుడే కదమ్మా తెలిసింది అన్నాను. "తెలిసింది నీకు. కూర్చున్నది నేను" అంది. దీనికి జవాబు నీ దగ్గర ఉంటే సదస్సులో చెప్పు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. కొత్త ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్టు చూడ్డానికి వెళ్ళాను. ఇరవై ఆరో గడిలో టిక్కు, ఈసారి బోల్టుకే. చివర ముద్ర, సంతకం. సంతకం కింద, నాది కాని దస్తూరీలో: "నేను చూడనివి." మూడు రాసింది. ఒక్కటీ నా జాబితాలోది కాదు. నేను ఆగినచోట మొదలుపెట్టి, ఇంకాస్త దూరం వెళ్ళి ఆగింది. చెరపడానికి పంపిన మనిషే! అడిగితే, "రాయకుండా సంతకం పెట్టబోతే చెయ్యి రాలేదండీ" అంది, నేనేదో చేతబడి చేసినట్టు చూస్తూ.

నువ్వు అన్నావే, చూడనివాటికి అంతు లేదని. లేదు. అయితే ఎవరో ఒకరే వాటినన్నిటినీ రాసి ముగించాలని ఎవరన్నారు? నేను రాసింది నా తర్వాత వచ్చేవాళ్ళు ఎక్కడ చెయ్యి పెట్టాలో చెప్పడానికి. ఐ.టి.ఐ. బుర్రకి తోచింది ఇదీ. పనికొస్తే వాడుకో, నా పేరు చెప్పక్కర్లేదు.

విచారణ ముప్పయ్యో తారీఖున. ఏమవుతుందో తెలియదు.

బాబాయ్

*

ఆగస్టు 22, పొద్దున

బాబాయ్,

ఇంకో గంటలో నా వంతు. సదస్సు ఆరో అంతస్తు హాల్లో, ఈ ఉత్తరం కారిడార్లో కిటికీ గట్టు మీద పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే గట్టుది తప్పనుకో.

చూడనివాటి అంతు గురించి నువ్వు రాసిన పేరా నా వ్యాసంలో పెట్టాను, నా ఆక్షేపణ పక్కనే. నీ పేరు కూడా పెట్టాను, నువ్వేం చేసుకుంటావో చేసుకో. మూడు నెలల కిందట ఇది నా ఒక్కదాని ఆలోచన. ఇప్పుడు ఇందులో జవాబు పత్రం రాసిన అమ్మాయి ఉంది, నువ్వున్నావు, పిన్ని ఉంది, నేను ఎన్నడూ చూడని ఒక ఇన్‌స్పెక్టరు ఉంది. కుర్చీలు నిండిపోయాయని శాఖాధిపతి అంటారు కదా, మీరంతా ఎక్కడ కూర్చున్నారు మరి? ఇది సగం కూడా పూర్తికాలేదు. అదే నాకు ధైర్యం ఇవ్వాలి. ఇవ్వడం లేదు.

టైలరమ్మకి జవాబు దొరకలేదు. మూడు రాత్రులు వెతికాను. ఆవిడ మాట కూడా చదువుతాను, ఉన్నదున్నట్టు, జవాబు లేదని చెప్పి.

పైకి లిఫ్టులోనే వచ్చాను. ఇక్కడి కాగితం చాలా శుభ్రంగా ఉంది, ముద్ర కింద ఒక్క లైను కూడా లేదు. ఆరు అంతస్తులూ దాన్నే చూస్తూ వచ్చాను. అంత భయం నాకు మీ సిమెంటు గోడ అన్నా వెయ్యలేదు.

తలుపు తీశారు. పిలుస్తున్నారు.

నీ అనుమానం

నేను చూడనివి:
నీ విచారణలో ఏమవుతుందో.
ముప్ఫై రెండు రోజులు ఏడో అంతస్తులో కూర్చుంటే ఎలా ఉంటుందో.
ఇవాళ నా మాట విన్నాక రేపు ఎవరి చెయ్యి ఏ కాగితం మీద ఆగుతుందో, అది ఆగినందుకు ఎవరు పైన ఉండిపోతారో.